కొక్కేల మధ్య మాట

నానక్‌రామ్‌గూడ, ఏడో అంతస్తు.
కిటికీ అవతల క్రేన్ ఒకటి
పొద్దుటినుంచీ అదే చువ్వల కట్టను గాల్లో పట్టుకుని నిలబడింది.
నేను పెట్టెలు గీస్తున్నాను:
నల్లా కనెక్షన్, మీటరు, రీడింగు, బిల్లు.

పెట్టెలో ఏముందో మా యంత్రానికి పెద్దగా పట్టదు.
పెట్టె నెత్తిన, రెండు జతల కొక్కేల మధ్య
నేను వేలాడదీసే ఒక్క మాటే దానికి ఆనవాలు.
«నిలిచేది» అన్నానా,
టేబులు కట్టి, దాచే, వెతికే, తుడిచే పద్ధతులన్నీ
టీ చల్లారేలోగా రాసి పారేస్తుంది.
«నడిపేది» అంటే ఇంకో పోత.
«కనిపించేది» అంటే తెర, బొత్తాలు, ఎర్రక్షరాల తిట్లు.

ఒకసారి బద్ధకించి
ఫిర్యాదు మీద «తాత్కాలికం» అని తగిలించాను.
ఆ రాత్రి సర్వరు ఆపి లేపేసరికి
మూసారాంబాగ్ ఫిర్యాదులు ఒక్కటీ లేవు.
యంత్రం తప్పేం చేయలేదు,
చెప్పిన మాట విన్నది.

బుధవారం కొమురెల్లి వచ్చాడు,
ఇరవై ఆరేళ్లుగా మీటర్లు చదివే మనిషి.
మెడలో మా గేటువాళ్లు వేసిన ఎర్ర తాడు: సందర్శకుడు.
ఆ తాడుకి లిఫ్టు రెండో అంతస్తు దాటదు.
కిందికి దిగి నేనే తీసుకొచ్చాను.

పెట్టెలన్నీ ఓపిగ్గా చూసి
జేబులోంచి సుద్దముక్క తీశాడు.
"మీరిప్పుడు మొదలువెట్టిన్రు, నేనెప్పటిసందో గీస్తున్న."
గోడ మీద సున్నా ఉంటే కుక్క.
అడ్డగీత తాళం.
రెండు నిలువు గీతలు: బట్టలుతికే బండ కింద మీటరు.
చేప: పిలిస్తే పలకరు, గేటు రెండుసార్లు కొట్టాలె.
"నాకు జరమొస్తె కొత్త పిలగాడు పోతడు.
వానికి ఇల్లు తెల్వది.
గీత తెలిస్తె చాలు."

మరి నేనేడున్న, అన్నాడు తెరకేసి వంగి.
చూపించాను:
పెద్ద గీతకి బయట, పుల్లల మనిషి,
నెత్తిన «పాత్రధారి».
"మంచిగనే ఉన్న. నాకేం రాస్తది మీ మిషిను?"
ఏమీ రాయదన్నాను.
గీత బయటివాళ్లకి ఒక్క వరసైనా పుట్టదు.
నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు.
"తాళమున్న ఇంటికి ఏమేస్తది?"
సగటు.
"పిల్లగాడు దవాఖానల ఉన్నడని
మూడు నెలలు తాళమేసినోనికి సుత సగటేనా?"
క్రేన్ చువ్వల్ని ఎప్పుడు దించిందో నేను చూడలేదు.

ఆ సాయంత్రం టెంప్లేటు తెరిచి
కొత్త మాటొకటి పుట్టించాను, «అడ్డగీత» అని.
రీడింగు నెత్తిన వేలాడదీశాను.
నలభై ఒక్క క్లాసులు చెరిగి, మళ్లీ పుట్టాయి.
చెరగనిది ఒక్క చోటే:
ఇక్కణ్నుంచి చేతిరాత, ఇక్కడితో సరి
అన్న రెండు వ్యాఖ్యల నడుమ
నేను కొట్టిన మూడు వరసలు.
తాళముంటే ఆగు.
సగటు వేయకు.
మనిషిని అడుగు.
నఫీసా రివ్యూలో రాసింది: మనిషి అంటే ఏ క్లాసు?
ఇంకా జవాబివ్వలేదు.

ఆదివారం మెట్టుగూడలో
మా గేటు పక్క గోడని మొదటిసారి వంగి చూశాను.
సున్నా. లోపల చుక్క.
కింద, తోకలాగా ఒక వంకర.
మాకు కుక్క లేదు.
ఇది కొమురెల్లి తిరిగే ఏరియా కాదు, ఇంకెవరిదో సుద్ద.
వానలు చెరిపిన ప్రతిసారీ
ఎవరో పనిగట్టుకుని దిద్దినట్టుంది.
నాలుగేళ్లుగా మా ఇంటిని ఏమని చదువుతున్నారో,
చదివి ఏం చేస్తున్నారో!

గోడ కడగడానికి వాచ్‌మన్ బకెట్‌తో వచ్చాడు.
అంతా కడుగు అన్నాను,
ఈ జానెడు తప్ప.